ఏటిగట్టు లోపలి ఊళ్లు

గోదావరికి వరద వచ్చినప్పుడల్లా ధవళేశ్వరం వద్ద నీటిమట్టమే వార్త. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏటిగట్టుకు బయట ఉన్నవారికి ఈ అంకెలు సరిపోతాయి. గట్టుకూ నదికీ మధ్య బతుకుతున్న లంక గ్రామాలకు మాత్రం మొదటి హెచ్చరిక వెలువడక ముందే దారి తెగిపోతుంది. కోనసీమ జిల్లా పి.గన్నవరం మండలంలోని జి.పెదపూడిలంక, ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేటల సంగతే చూడండి. వశిష్ఠ పాయకు అడ్డంగా వేసుకున్న తాత్కాలిక రోడ్డు ఏటా తొలి వరదకే కొట్టుకుపోతుంది. ఆపైన పాల క్యాన్లు, అరటి గెలలు, మోటారు సైకిళ్లు, బడిపిల్లలు అన్నీ పడవ మీదే రేవు దాటాలి. 2022 జులై వరదల తర్వాత ఇక్కడి వంతెనకు ముఖ్యమంత్రి స్థాయిలోనే హామీ దక్కింది. అంత పెద్ద వరద వచ్చేదాకా ఈ నాలుగు ఊళ్ల గోడు ఆ స్థాయికి చేరలేదన్నది మరువరాదు.

లంకల పుట్టుక నది పుణ్యమే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. ప్రవాహం మందగించిన చోట ఇసుక మేట వేస్తుంది, దానిపై ఒండ్రు చేరుతుంది, రెల్లు మొలుస్తుంది, పశువులు మేతకు వస్తాయి, ఆ వెనుకే నాగలి వస్తుంది. ఏటా వరద పరిచే ఒండ్రు ఈ నేలకు ఎరువు. పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి లంక పొగాకుతో చుట్టిన చుట్టలకు మద్రాసు ప్రెసిడెన్సీలో మంచి పేరుండేది. ఇప్పుడు ఆ నేలలో కొబ్బరి, అరటి, కంద, పసుపు, కూరగాయలు పండుతున్నాయి. రావులపాలెం అరటి మార్కెట్‌కూ అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కూ వెళ్లే సరుకులో లంక రైతు చెమట కలిసి ఉంది.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చిన మాట నిజం. దాన్ని కట్టించిన కాటన్ దొర పటానికి గోదావరి జిల్లాల్లో నేటికీ దండలు పడుతున్నాయంటే అందుకు కారణం ఉంది. కానీ ఆ కాలువలు, ఆ గట్లు కాపాడింది బయటి పల్లపు చేలను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి పోయింది. ఆ వరద తర్వాతా, 2006 వరద తర్వాతా గట్లను ఎత్తు చేశారు, బలపరిచారు. చేయవలసిన పనే. అయితే గట్టు ఎత్తు పెరిగిన కొద్దీ బయటికి పొర్లకుండా ఆగిన నీరు రెండు గట్ల నడుమే పారాలి. అంటే లంకల మీదుగానే పారాలి. డెల్టా క్షేమం కోసం ముంపును భరిస్తున్న ఈ ఊళ్ల రుణం తీర్చవలసిన బాధ్యత డెల్టాకూ ప్రభుత్వానికీ ఉందని మా నిశ్చితాభిప్రాయం.

ముంపు నాలుగు రోజుల్లో తీయవచ్చు. నదీకోత అలా కాదు. వంపు తిరిగే చోట నది బయటి ఒడ్డును తొలిచి, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. ఎగువన జలాశయాలు పెరిగాక గోదావరి మోసుకొచ్చే ఒండ్రు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. ఇసుక తవ్వకాలు దానికి తోడయ్యాయి. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు వేళ్లతో సహా ఏట్లోకి ఒరిగిపోతుంటే ఒడ్డున నిలబడి చూడటం తప్ప రైతు చేయగలిగింది లేదు. కోసుకుపోయిన మన్ను వేరే చోట కొత్త లంకగా తేలినా అది అతనిది కాదు. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం నదీగర్భాన్ని సర్కారు ఆస్తిగా ప్రకటించింది. పాసుపుస్తకంలో ఎకరాలు చెక్కుచెదరవు, నేల మాత్రం ఉండదు. నది దారి మళ్లి భూమి పోగొట్టుకున్నవారికి 2022–26 విపత్తు సహాయ నిబంధనలు నిర్ణయించింది హెక్టారుకు రూ.47,000. ఎకరాకు పట్టుమని 20 వేలు కూడా కాదు. అదీ రికార్డుల్లో హక్కు ఉన్న చిన్న, సన్నకారు రైతులకే.

కౌలుదారుల పరిస్థితి ఇంకా కష్టం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగు హక్కు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి, ఆ కార్డు గడువు 11 నెలలు. యజమాని సంతకానికి ఒప్పుకోని చోట నీట కుళ్లిన కందకూ, వేరు చచ్చిన అరటికీ పెట్టుబడి పెట్టినవాడి పేరు నష్టం జాబితాకెక్కడమే గగనం. భూమిలేని దళిత కూలీల సహకార సంఘాలకు లంక భూములు కౌలుకిచ్చే పద్ధతి మద్రాసు ప్రభుత్వ కాలం నుంచి ఉంది. ఆ సంఘాలు సాగు చేసే నేల కోతకు గురైతే ఇప్పటి నిబంధనల్లో వారికి దక్కే హక్కు ఏమిటో రెవెన్యూ శాఖ స్పష్టం చేయాలి.

నదీకోత నివారణకు రూ.1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి రూ.1,000 కోట్లు ప్రత్యేకించాలని 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి సిఫార్సు చేసింది. దేశస్థాయిలో గుర్తించిన ఈ సమస్యను జిల్లాలో ఇప్పటికీ వరద సహాయం పద్దులోనే, బియ్యం, కందిపప్పు పంపిణీ లెక్కలోనే చూడటం తగదు. ప్రతి వరద సీజను ముగిశాక లంకల ఒడ్డును రెవెన్యూ, జలవనరుల శాఖలు కలిసి కొలవాలి; కోతకు పోయిన సర్వే నంబర్లను గ్రామసభలో చదివి వినిపించాలి; కొత్తగా తేలిన లంకల కౌలులో భూమి పోయినవారికీ కూలీల సంఘాలకూ మొదటి అవకాశం ఇవ్వాలి. గ్రోయిన్లు (ప్రవాహాన్ని మళ్లించడానికి ఒడ్డు నుంచి నదిలోకి కట్టే అడ్డుకట్టలు), రాతి కట్టడాల పనులకు నీరు తగ్గాకే వీలుంటుంది గనుక, వాటి టెండర్లు దసరా నాటికి పూర్తి చేసి వేసవిలోగా పనులు ముగించాలి.