అకాడమీలో ఆఖర్న చేరాలి

కాలిఫోర్నియాలో పోలీసు, ఫైర్ ఉద్యోగాలు కోరుకునే పిల్లల్లో చాలామంది ముందు కమ్యూనిటీ కాలేజీ గడపే తొక్కుతారు. రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి కావాల్సిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు, పుస్తకాలు అదనం. అయితే ఆ డిగ్రీతోనే యూనిఫాం రాదు. ఉద్యోగ శిక్షణ ఇచ్చే అకాడమీ వేరే. ఏది ముందో ఏది తర్వాతో తెలియకే ఏళ్లూ డబ్బూ పోగొట్టుకుంటున్నారు.

పోలీసు శిక్షణకు ప్రమాణాలు పెట్టేది ‘పోస్ట్’ అనే రాష్ట్ర కమిషన్. దాని బేసిక్ కోర్సు కనీసం 664 గంటలు. అది పూర్తయిన మూడేళ్లలోపు ఉద్యోగంలో చేరకపోతే అర్హతను మళ్లీ నిరూపించుకునే రీక్వాలిఫికేషన్ తప్పదు. మరోపక్క 2021 నాటి ఏబీ 89 చట్టం నియామకానికి కనీస వయసును 21కి పెంచింది. 19 ఏళ్లకే సొంత డబ్బుతో అకాడమీ ముగిస్తే రెండేళ్లు ఎదురుచూపులకే సరి. మిగిలిన ఏడాదిలో రాతపరీక్ష, వైద్య, మానసిక పరీక్షలు, బ్యాక్‌గ్రౌండ్ విచారణ అన్నీ ముగియాలి. విచారణే నెలల తరబడి సాగుతుంది. పాత అప్పులు, ట్రాఫిక్ టికెట్లు, మానేసిన ఉద్యోగాలు అన్నీ తవ్వుతారు. చేసిన చిన్న తప్పుకన్నా ఫారంలో దాన్ని దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది.

ఫైర్ వైపు వెళ్లేవాళ్లు మొదట చేయాల్సింది ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సహాయకుల కోర్సు. ఫైరింజన్‌కు వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం వైద్య సాయం కోసమే. కనీసం 170 గంటల ఈ కోర్సు ఒక సెమిస్టర్‌లో అయిపోతుంది, అంబులెన్స్‌లో పని దొరుకుతుంది. సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి.

ఫైర్ చదువులో పిల్లలు తేలిగ్గా తీసుకునే సబ్జెక్టు భవన నిర్మాణం. నిజానికి ప్రాణాలు కాపాడేది అదే. ఇళ్ల పైకప్పుల్లోని తేలికపాటి చెక్క ట్రస్సులను, అంటే కప్పును మోసే చట్రాలను, పట్టి ఉంచేవి పళ్లున్న లోహపు పలకలు. ఆ పళ్లు చెక్కలోకి దిగేది సుమారు సెంటీమీటరే. చుట్టూ చెక్క బొగ్గయితే పలక ఊడుతుంది, కప్పు చెప్పాపెట్టకుండా కూలుతుంది. దాని మీదకు ఎక్కాలా వద్దా అని తేల్చుకోవడానికి దొరికేవి కొద్ది నిమిషాలే.

ఫైర్ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్ష సీప్యాట్‌లో 50 పౌండ్ల జాకెట్‌తో 8 పనులు 10 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మొదటిదైన మెట్ల దగ్గర ఇంకో 25 పౌండ్లు మోస్తూ నిమిషానికి 60 మెట్ల చొప్పున మూడు నిమిషాలు ఎక్కాలి. పరుగులో మేటి అయినవాళ్లూ ఇక్కడ తడబడతారు. వాళ్ల కాళ్లకు బరువుతో ఎక్కే అలవాటు ఉండదు. రైలింగ్ మీద బరువు మోపితే రెండుసార్లు హెచ్చరిస్తారు, మూడోసారికి ఫెయిల్. చాలా ఫైర్ విభాగాలు ఏడాదిలోపు తెచ్చుకున్న సీప్యాట్ సర్టిఫికెట్‌నే ఒప్పుకుంటాయి. కాబట్టి దరఖాస్తుల వేళకే ఈ పరీక్షకు వెళ్లాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ముందు ఎంపిక, తర్వాత ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ. కాలిఫోర్నియాలోనూ విభాగం స్పాన్సర్ చేస్తే అకాడమీ రోజులకు జీతం వస్తుంది. సొంతంగా చేరితే ఖర్చంతా విద్యార్థిదే, ఉద్యోగం హామీ లేదు. ఈ భారం పేదింటి పిల్లల మీద పడటం అన్యాయం. గడువు లేనిది డిగ్రీ ఒక్కటే కనుక 18 నుంచి 20 వరకు దాన్ని పూర్తిచేసి, 21 దగ్గరపడుతుండగా స్పాన్సర్ చేసే విభాగాలకు దరఖాస్తు పెట్టడం మేలు. 2023 జనవరి నుంచి పోలీసు ఉద్యోగానికి పౌరసత్వం తప్పనిసరి కాదు కనుక, గ్రీన్‌కార్డున్న తెలుగు పిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది.