ట్యూబ్‌లైటు గారికి ఓ ఉత్తరం

అయ్యా,

మా నల్లకుంట ఇంటి ముందుగదిలో నాలుగడుగుల మేర పడుకుని ఇరవై ఏళ్లు ఉద్యోగం చేశారు. మీ మీద నాకో పాత కోపం ఉంది. లెక్క కాస్త ఆలస్యంగా అర్థమైతే చాలు, మా నాన్న ‘‘ఒరే ట్యూబ్‌లైటూ’’ అనేవారు. మీ పేరు నాకొచ్చింది, వెలుగు మాత్రం రాలేదు.

ఆలస్యం మీది కాదని తర్వాతెప్పుడో తెలిసింది. స్టార్టర్‌లో లోహపు పట్టీ వేడెక్కి, వంగి, అవతలిదానికి అంటుకోవాలి. మీ చివర్లలో తీగలు ఎర్రబడాలి. పట్టీ చల్లారి విడిపోవాలి, ఆ క్షణాన చోక్ (కరెంటును అదుపుచేసే తీగచుట్ట) ఒక్క తాపు తన్నాలి. అప్పటికిగానీ మీలోని ఆర్గాన్, పాదరసపు ఆవిరి ప్లాస్మాగా, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువులు (అయాన్లు), విడి ఎలక్ట్రాన్లు కలిసి తిరిగే వాయువుగా మారవు. సెక్షన్లన్నీ తిరిగొచ్చిన ఫైలు నయం. ఇంత తతంగంలో స్టూలెక్కి స్టార్టర్ తిప్పడం, కళ్లలో దుమ్ము కొట్టించుకోవడం నా వంతు.

వెలిగాక మీ వేషాలు వేరు. ఇంట్లోని రాగి వైర్లు బుద్ధిమంతులు, వేడెక్కితే నిరోధం పెంచుకుంటాయి. మీకు కరెంటు ఎంత పారితే అంత తేలిగ్గా ఇంకా పారుతుంది. చోక్ కాలర్ పట్టుకోకపోతే మాడిపోతారు. పాపం, రాత్రంతా అది జుయ్యిమని గొణిగేది. మీలాంటివారికి కాపలా కాస్తే ఎవరైనా గొణుగుతారు.

అయినా మీరు చిన్నింటివారు. మీలో అయాన్లు తక్కువ, ఎలక్ట్రాన్‌కు అడుగడుగునా మామూలు పరమాణువులే తగులుతాయి. ఎలక్ట్రాన్ల వేడి పదివేల డిగ్రీలు దాటినా మీ గొట్టం గోరువెచ్చగానే ఉంటుంది. అంత తేలికైనది వచ్చి గుద్దితే పరమాణువుకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

నా అసలు ఫిర్యాదు మీ పెద్దింటి చుట్టాల మీద, అంటే పరమాణువులన్నీ అయాన్లైపోయిన ప్లాస్మాల మీద. సుల్తాన్ బజార్‌లో నింపాదిగా నడిస్తే ‘‘రండి సార్, చూసి పోండి’’ అంటూ ప్రతి కొట్టూ నాలుగడుగులు పక్కకు లాగుతుంది. బస్సు కోసం పరిగెత్తేవాణ్ణి ఎవరూ పిలవరు. అక్కడి ఎలక్ట్రాన్‌దీ అదే కథ. వేగం రెట్టింపైతే దాన్ని పక్కకు తిప్పే అయాన్ పట్టు పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే ఉష్ణోగ్రత నాలుగింతలైతే, అంటే వేగం రెట్టింపైతే, దారిలో ఎదురయ్యే అయాన్లు రెట్టింపైనా వాహకత (కరెంటును పారనిచ్చే గుణం) సుమారు ఎనిమిదింతలు. 1953లో స్పిట్జర్, హార్మ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని శ్రద్ధగా లెక్కగట్టారు. కోటి డిగ్రీలు దాటాక హైడ్రోజన్ ప్లాస్మా రాగితో పోటీకొస్తుంది. పోనీ, ఎలక్ట్రాన్లను పెంచితే? వాటితోపాటు అడ్డుతగిలే అయాన్లూ పెరుగుతాయి, లాభం దాదాపు సున్నా. మన ఫ్లైఓవర్ల లెక్కే.

ఇదెక్కడి న్యాయమండీ? పరుగున్నవాడికే అడ్డు తక్కువ, అడ్డు తక్కువైనవాడికే ఇంకా పరుగు. విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటే కొన్ని ఎలక్ట్రాన్లు ఇక ఎవరికీ చిక్కకుండా దూసుకుపోతాయి. రన్‌అవే ఎలక్ట్రాన్లని పేరు. పంజాగుట్ట చౌరస్తాలో సైరన్ కారు వెళ్తుంటే మనం నిలబడిపోయి చూసేది వీటినే.

గాంధీనగర్‌లోని ఆదిత్య 1989లో మొదలైన టోకమాక్, అంటే ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం. ఇలాంటి యంత్రాల్లో ప్లాస్మాలోంచి కరెంటు పారించి దాన్ని వేడి చేస్తారు. అది వేడెక్కేకొద్దీ నిరోధం పోతుంది, నిరోధం పోయేకొద్దీ కరెంటు ఇచ్చే వేడీ తగ్గుతుంది. సంలీనానికి (పరమాణు కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి) కావలసినంత వేడి కావాలంటే రేడియో తరంగాలో, వేగమైన పరమాణువుల ధారో బయటినుంచి పంపాలి. కడుపు నిండినవాణ్ణి బతిమాలి వడ్డించడమన్నమాట.

నిన్న మిమ్మల్ని దించి ఎల్‌ఈడీ పెట్టించాం. స్విచ్ వేయగానే వెలుగుతోంది. పాతసామాన్లతను చోక్‌ను తూకానికి పట్టుకెళ్లాడు, మిమ్మల్ని మాత్రం లోపల పాదరసం ఉందని వద్దన్నాడు. బాల్కనీలో గోడకానుకుని ఉన్నారు. మావాడికి భిన్నాలు ఇంకా ఎక్కలేదు. ఇకమీదట వాణ్ణి ఏమని తిట్టాలో మీరే సెలవివ్వండి.

ఇట్లు,
మీ పేరు మోసినవాడు