నా కత్తెర ఎవరు ముట్టుకున్నారు?

బొంతల గుడ్డకని విడిగా దాచుకున్న కత్తెరతో మా ఆయన మళ్ళీ పాల ప్యాకెట్ కోశారు. అడిగితే "కత్తెరే కదా" అంటారు. కాదండీ! ప్లాస్టిక్ కోస్తే పదును పోయి, గుడ్డను నములుతుంది. ఆన్‌లైన్ క్లాసులో టీచరు అన్ని వైపులా పావు అంగుళం కుట్టుకు వదలమన్నారు. రెండున్నర అంగుళాల ముక్క కుట్టాక సరిగ్గా రెండు రావాలి. నా ముక్కలేమో పీచులు లేచి, ఒక్కొక్కటీ ఒక్కో కొలత. అమ్మ పాత నేత చీర అది, మళ్ళీ దొరకదు.

గుండుసూదులు సరేసరి. పెదవాల్తేరు ఉప్పుగాలికి తుప్పు పట్టి తెల్లగుడ్డ మీద మరకలు పెట్టాయి. సముద్రాన్ని ఏమీ అనలేను, ఆయన్ని మాత్రం అంటాను.

కత్తెరకు సాన పట్టించి బియ్యం డబ్బాలో దాచాను. నిన్న అత్తయ్యగారు దాంతోనే ధనియాల ప్యాకెట్ కోసి, "భలే తెగుతోందమ్మా" అన్నారు.