సవరణ: బీరు కిట్‌లో పంచదార లెక్క

కిట్‌తో (ఇంట్లో బీరు చేసుకునే రెడీమేడ్ సరంజామాతో) కాచిన బీరు పల్చగా, నురగ లేకుండా వస్తోందని మెల్‌బోర్న్‌లో ఉన్న మా తమ్ముడు అడిగితే, సీసాకో చెంచా పంచదార వేయమని పోయిన పోస్టులో రాశాను. దాన్ని ఇలా మార్చి చదువుకోండి: చెంచా వద్దు, తూకం వేయండి. లీటరుకు 6, 7 గ్రాములు చాలు. అంటే 330 మిల్లీలీటర్ల సీసాకి రెండు గ్రాములు. నిండు టీస్పూనులో నాలుగు గ్రాములకు పైనే పడుతుంది, దాన్నుంచి పుట్టే గ్యాసు ఒత్తిడికి గాజు సీసా పగలొచ్చు. హైడ్రోమీటరు (ద్రవం సాంద్రత కొలిచే సాధనం) రీడింగు రెండు మూడు రోజులు కదలకుండా ఉన్నాకే, అంటే పులియడం ఆగాకే, సీసాల్లో పోయాలి.

చిక్కదనం సంగతి వేరు. సీసాలో వేసే పంచదార గ్యాసునే ఇస్తుంది. కిట్‌తో పాటు కలిపే కిలో పంచదారను ఈస్టు (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) మొత్తం తినేస్తుంది, నాలుక మీద ఏమీ మిగలదు. దాని బదులు మాల్ట్ పొడి (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన సారం పొడి) వేయండి. అందులో ఈస్టు తినలేని చక్కెరలు కొన్ని ఉండిపోతాయి, నురగ కూడా నిలుస్తుంది. ఒక్క మార్పే చేయగలిగితే ఇదే చేయమంటాను.

ఇక్కడ అనంతపురంలో, కర్నూలులో చేసుకోవచ్చా అని అడిగారు. కుదరదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరం.

మెల్‌బోర్న్ లాంటి చోట ఇప్పటికే చెంచా లెక్కన నింపినవాళ్లు సీసాలను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. బాగా చల్లబడ్డాక గుడ్డ చుట్టి, మూత మెల్లగా తీయండి.