గ్రాస్ మీటరు పెట్టుకుంటే లాభమట!

"సోలార్ కంపెనీలు మీకు చెప్పని ఏడు రహస్యాలు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. కాలనీ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లున్న మా బ్యాచ్ గ్రూపులో కూడా వచ్చింది. కింద నమస్కారాలు, బొటనవేళ్లు. ఒక్కరైనా కరెంటు బిల్లు తీసి చూసుకున్నారా అని అడిగితే సమాధానం లేదు. సరే, నేను చూశాను. ఏపీ లెక్కలతో వరసగా చెబుతాను.

"బిల్లు జీవితాంతం సున్నా" అన్నది మొదటి రహస్యం. ఎవరి జీవితాంతం? ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ ఇస్తారు, ఆ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కు అంత ఇవ్వరు. మధ్యలో ఒకసారి దాన్ని మార్చుకునే ఖర్చు ఉంటుందనుకోండి. కస్టమర్ చార్జీ, లోడు మీద కిలోవాట్‌కు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ ఎంత ఎండ కాసినా ఎక్కడికీ పోవు. చిన్న మొత్తమే కానీ సున్నా అయితే కాదు.

రెండోది, "కరెంటు పోయినా మీ ఇంట్లో పోదు". పోతుంది. బ్యాటరీ లేకుండా ఊరి లైనుకు కలిపి నడిచే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైనులో సరఫరా ఆగగానే తనూ ఆగిపోతుంది, మే నెల మిట్టమధ్యాహ్నమైనా సరే. ఆగకపోతే మీ మేడ మీది కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి స్తంభం ఎక్కుతుంది. లైను ఆఫ్‌లో ఉందనుకుని అక్కడ చేయి పెట్టేది లైన్‌మన్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో జనం నడుంలోతు నీళ్లలో నడిచారు. అలాంటప్పుడు సరఫరా ఆపేది ఎందుకో వేరే చెప్పాలా? కరెంటు లేనప్పుడు కూడా వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కొనుక్కోవాలి. దాని ధర ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

మూడోది, పున్నమి రాత్రుళ్లు కూడా యూనిట్లు వస్తాయట. వస్తే నాక్కూడా చెప్పండి.

నాలుగోది, "వాషింగ్ మెషీన్, మోటారు, ఇస్త్రీ అన్నీ పది నుంచి నాలుగు లోపే కానిచ్చేయండి, లేకపోతే యూనిట్లు వృథా". నెట్ మీటరంటే మీరు తీసుకున్న యూనిట్లలోంచి బయటికిచ్చినవి తీసేసి, మిగిలినవాటికే బిల్లు వేసేది. అందులో మధ్యాహ్నం బయటికిచ్చిన యూనిట్ రాత్రి ఏసీ యూనిట్‌తో సమానంగా చెల్లుతుంది. వృథా ఏముంది? స్మార్ట్ మీటర్లొచ్చాక గంటల్ని బట్టి రేటు పెట్టాలని కేంద్రం 2023లోనే రూల్స్ మార్చింది కాబట్టి, అది ఇళ్లదాకా వచ్చిన రోజున ఈ సలహాకు విలువ రావచ్చు. అప్పటిదాకా ఇంట్లో ఆడవాళ్లని మండుటెండలో మేడ మీద బట్టలారేయమని తరమకండి.

ఇక అసలు సంగతి అయిదోది. "నెట్ మీటరింగ్ పెద్ద మోసం. గ్రాస్ మీటరింగ్ అడగండి. తయారైన ప్రతి యూనిట్‌కూ డిస్కం మీకు డబ్బు కడుతుంది." డిస్కం అంటే మనకు కరెంటు సరఫరా చేసే కంపెనీ. గ్రాస్ అంటే మేడ మీద తయారైనదంతా దానికి అమ్మేసి, ఇంట్లో వాడేదంతా విడిగా బిల్లు కట్టి కొనుక్కోవడం. చదవడానికి ఎంత బాగుందో! ప్రతి యూనిట్‌కూ డబ్బు. ఎంత డబ్బు అన్నది మాత్రం రాయలేదు.

మన శ్లాబులు చూడండి. రాష్ట్రంలో కరెంటు రేట్లు నిర్ణయించే ఏపీఈఆర్‌సీ 2022-23లో పెట్టినవే 2025-26లోనూ నడిచాయి. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ ఒక్కటే 2,548 రూపాయలు అవుతుంది. ట్రూ-అప్పులు (పాత ఖర్చుల సర్దుబాటు), డ్యూటీ (కరెంటు మీద పన్ను) వదిలేద్దాం, అవి తలుచుకుంటే బీపీ పెరుగుతుంది.

ఇదే ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టారనుకోండి. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 360 వస్తాయి. నెట్‌లో అయితే 400లోంచి 360 పోగా 40 యూనిట్లకే బిల్లు, అంటే 87 రూపాయలు. గ్రాస్‌లో అయితే 400 యూనిట్లకూ 2,548 మీరు కట్టాలి. మీ 360 యూనిట్లకు డిస్కం తన రేటు కడుతుంది. ఆ రేటు 4 రూపాయలనుకుందాం, 1,440 వస్తుంది. జేబులోంచి ఇంకా 1,108 పోతుంది. 5 రూపాయలిచ్చినా 748 పోతుంది. నెట్‌తో సరిసమానం కావాలంటే డిస్కం మీకు యూనిట్‌కు 6.84 ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీ నుంచి సోలార్ కరెంటు యూనిట్ 2.49కి కొనడానికి ఒప్పందం రాసుకున్న డిస్కంలు మీ మేడ మీది యూనిట్‌ని మాత్రం ముద్దొచ్చి 6.84 పెట్టి కొంటాయా?

పెరట్లో కాసిన మునక్కాయలు హోల్‌సేల్‌కి అమ్మేసి, సాయంత్రం అవే కాయలు రైతుబజారులో కొనుక్కొచ్చి పులుసు పెట్టుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఖాళీ గోడౌన్ మీద రేకుల నిండా ప్యానెళ్లు వేసి కింద బల్బు కూడా వాడనివాళ్లకు గ్రాస్ గురించి ఆలోచించడంలో అర్థముంది. పిల్లలు, ఏసీలు, గీజరు ఉన్న ఇంటికి కాదు.

ఈ మెసేజ్ రాసిన మహానుభావుడికి తెలియనిదేమిటంటే, సోలార్ యూనిట్‌కు సొంత ధరంటూ ఏమీ లేదు. అది మీ బిల్లులో ఏ శ్లాబును కోస్తే దాని విలువ అంతే. కోత పైనుంచి మొదలవుతుంది. 400 యూనిట్ల ఇంట్లో మొదటి కిలోవాట్ తగ్గించే 120 యూనిట్లూ 8.75వి, అంటే నెలకు 1,050 రూపాయలు. రెండో కిలోవాట్ తగ్గించేది 871. మూడోది 540. నాలుగోది? మిగిలింది 87 రూపాయలేగా, అదీ, పైన ఓ 80 యూనిట్ల మిగులూ.

సబ్సిడీ కూడా ఇలాగే ఉందని ఎవరైనా గమనించారా? ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై ముప్పై వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు. నాలుగో కిలోవాట్ నుంచి రూపాయి లేదు.

నెలకు 75 యూనిట్లు దాటని ఇంట్లో ఎనర్జీ చార్జీ మొత్తం 192 రూపాయలు. వాళ్లని లోను తీసుకుని సోలార్ పెట్టుకోమనడం ఏం న్యాయం? హైదరాబాద్ వాళ్ల శ్లాబులు వేరే, అక్కడ 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. అక్కడే తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకు కూడా ఇదే మెసేజ్ పంపుతున్నారు. సున్నాలోంచి ఏం తీసేస్తుందండీ సోలార్?

ఇంకొకటి, కింద మీరు, పైన రెండు పోర్షన్లు అద్దెకు, మూడు మీటర్లు ఉన్నాయనుకోండి. సోలార్ తగిలేది ఒక సర్వీసు నంబరుకే. ఏసీ ఉన్న మీటరుకు పెట్టించుకోండి. ఓనరు పేరు మీద ఉంది కదా అని నెలకు 60 యూనిట్లు కాలే మీటరుకు పెట్టించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అయిదో పాయింటు అమాయకత్వం అనుకుంటే, ఆరోది కొంపలు ముంచేది. "3 కాదు, 10 కిలోవాట్లు పెట్టండి. మిగులు కరెంటు అమ్మిన డబ్బుతోనే ఈఎంఐ కట్టేసుకోవచ్చు." పది కిలోవాట్లంటే తేలిగ్గా ఐదు లక్షలు దాటుతుంది, సబ్సిడీ అదే 78 వేలు. ఐదు లక్షల లోను ఐదేళ్లకు 9 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు 10 వేల పైచిలుకు ఈఎంఐ. రాబడి ఎంత? 400 యూనిట్ల బిల్లు మొత్తం మాయమైనా 2,548. మిగులు 800 యూనిట్లకు 3 రూపాయల చొప్పున వేసుకున్నా 2,400. రెండూ కలిపినా 5 వేలు కాలేదు. పైగా మిగులు డబ్బు నెలనెలా చేతికి రాదు, యూనిట్లుగా ఖాతాలో పేరుకుని సెటిల్‌మెంట్ వచ్చినప్పుడే లెక్క తేలుతుంది. బ్యాంకువాడికి ఆ ఓపిక ఉండదు, ఐదో తారీఖు అంటే ఐదో తారీఖే. రిటైరై, వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్న మాస్టార్లకు ఈ మెసేజ్ పంపే ముందు ఒక్కసారి కాలిక్యులేటర్ తీయండి, మీ ఫోన్‌లోనే ఉంటుంది, ఫార్వర్డ్ బటన్‌కి పెద్ద దూరం కూడా కాదు.

ఎంత పెట్టాలో తెలియాలంటే పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోవాలి. మే నెల బిల్లు ఒక్కటే చూపిస్తే వెండర్ 5 కిలోవాట్లంటాడు, డిసెంబరుది చూపిస్తే మీరే వద్దనుకుంటారు.

ఏడోది చదివి మాత్రం ఆశ్చర్యపోయాను. "నెట్ మీటరు బిగించేదాకా సోలార్ ఆన్ చేయకండి, బిల్లు పెరుగుతుంది." ఇది నిజం. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి కరెంటు ఏ దిక్కుకు వెళ్తోందో పట్టదు. రివర్స్ వైరింగుతో దొంగతనం చేసేవాళ్లను అడ్డుకోవడానికి అలా తయారుచేశారు. వెనక్కి వెళ్లిన యూనిట్‌ను కూడా అది మీరు వాడినట్టే కూడుతుంది. ప్యానెళ్లు బిగించిన కుర్రాళ్లు "టెస్టింగ్ సార్, ఉండనివ్వండి" అని ఆన్‌లో పెట్టి వెళ్లిపోతారు. డిస్కం వాళ్లు మీటరు మార్చడానికి వచ్చేసరికి రోజులు గడుస్తాయి, ఈలోగా పగలంతా మీరు ఊరికిచ్చిన కరెంటుకు మీకే బిల్లు. మిగతా ఆరూ తీసేసి ఈ ఒక్కటీ పంపి ఉంటే నేనే నలుగురికి ఫార్వర్డ్ చేసేవాణ్ని.

కాబట్టి టెస్టింగ్ దగ్గరుండి చేయించుకుని, వెళ్లేముందు ఇన్వర్టర్ పక్కన, దాని కరెంటు ఇంటి లైనులోకి వెళ్లే డబ్బాలో బ్రేకరు దింపించండి. కొత్త మీటరు బిగించాక డిస్‌ప్లేలో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండూ వేర్వేరుగా కనబడే దాకా నిలబడి చూడండి. ఆ రెండు రీడింగులకూ ఫొటో తీసుకున్నాకే బ్రేకరు పైకెత్తండి.