ఎంజీబీ కొనేవాళ్లు ముందు సిల్స్ చూడండి

తక్కువ తిరిగిన పాత స్పోర్ట్స్ కారుకే ఎక్కువ ధర పెట్టొచ్చని ఒక వ్యాసంలో రాశారు. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు విషయంలో నేను ఒప్పుకోను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవే దొరుకుతాయి, ఇంజిన్ బాగుచేయించడం పెద్ద పనేం కాదు. భయపడాల్సింది తుప్పుకే. ఇందులో ఓపెన్ టాప్ రకమైన రోడ్‌స్టర్‌కి గట్టి పైకప్పు లేదు, విడిగా ఛాసీ (అడుగు చట్రం) లేదు, బలమంతా తలుపుల కింద పొడవునా ఉండే ఉక్కు భాగాల్లో, అంటే సిల్స్‌లోనే. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం అక్కడ పెట్టి చూడండి. అంటుకోకుండా జారిపోయిందంటే పెయింట్ కింద ఉన్నది పుట్టీ. నేను ఒకసారి పైమెరుపు చూసి మోసపోయాను, తర్వాత వెల్డింగ్‌కే కారు కొన్నంత అయింది. 1974 చివర్లో వచ్చిన నల్ల రబ్బరు బంపర్ల బండికి, క్రోమ్ బంపర్ల దానికంటే రేటు తక్కువే పలుకుతుంది. అయినా సిల్స్ గట్టిగా ఉంటే నేను దాన్నే కొంటాను.