సగం ధరకే

మంగళవారం నుంచి మా ఇంటికి ఫోన్లు చేసి, గొంతు తగ్గించి మాట్లాడుతున్న బంధుమిత్రులందరికీ ముందుగా ఒక మాట. మా అత్తగారు క్షేమం. ఇది రాస్తున్న సమయానికి అరిసెల పాకం ముదరబెట్టానని వంటింట్లో నన్ను తిడుతున్నారు కూడా.

నేను బొంతల డిజైన్లు గీస్తాను. బొంతలు కుట్టి అమ్మేంత ఓపిక నాకు లేదు. ఏ ముక్క ఎంత కత్తిరించాలి, ఏ రంగు పక్కన ఏది పడాలి, ఎక్కడ సూది గుచ్చి ఎటు కుట్టుకుపోవాలి అన్నది కాగితం మీద గీసి, పీడీఎఫ్ చేసి, మూడు వందలకి అమ్ముతాను. విజయవాడలో కూర్చుని బొంతల వ్యాపారమేమిటని అడక్కండి. మా ఊళ్ళో చలికాలమంటే ఫ్యాను ఐదు మీంచి మూడు మీదికి తిప్పే పదిహేను రోజులు. కొనేవాళ్ళంతా హైదరాబాదు, బెంగుళూరు, డల్లాసుల్లో ఉన్నారు. మొత్తం 214 మంది. ఏటా ధనుర్మాసం రాగానే డిజైన్లన్నీ సగం ధరకిస్తాను. ఆ సంగతి చెబుతూ రాసే మెసేజీలో నాలుగు ఇంటి కబుర్లు కూడా కలుపుతాను. డిజైన్లకంటే కబుర్లకే ఎక్కువ జవాబులొస్తాయి, అది వేరే బాధ.

ఈసారి ఆలస్యమైంది. చేతుల నిండా తడి బియ్యప్పిండి. ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి, మోచేత్తో మైకు బొమ్మ నొక్కి, చెప్పుకుంటూ పోయాను. అది రాసుకుంటూ పోయింది. అయ్యాక మా వారిని పిలిచి, "ఏవండీ, ఒకసారి చదివి తప్పులుంటే చెప్పండి" అన్నాను. ఆయన రిటైరై నాలుగు నెలలైంది. ముప్ఫై నాలుగేళ్ళపాటు ఫైళ్ళ మీద చదవకుండా సంతకాలు పెట్టిన మనిషన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఫోను తీసుకున్నారు, బొటనవేలితో కిందికోసారి పైకోసారి తోశారు, "బావుంది" అన్నారు. పంపెయ్యమన్నాను. పంపేశారు.

అందులో బొంత అన్న మాట పదిహేడు సార్లుంది. పదిహేడు సార్లూ ఫోను దాన్ని బొంద అని రాసింది.

బొంద అంటే ఏమిటో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నిఘంటువులో గొయ్యి అని ఉంటుంది గానీ ఇళ్ళల్లో దాన్ని ఎవరూ తవ్వరు, మాటకి తోకగా తగిలిస్తారు. "కరెంటొస్తుందా?" "వస్తుంది, నా బొంద." "అల్లుడేమైనా పెట్టాడా?" "పెట్టాడు, వాడి బొంద." ఇంత వాడుకలో ఉన్న మాట కాబట్టే ఫోనుకి అంత బాగా వచ్చు. మనుషులు ఏ మాట ఎక్కువగా వాడితే అదే నేర్చుకుంటాయట ఇవి, మా పెద్దాడు చెప్పాడు. అంటే మన జనం ఫోన్లు పట్టుకుని బొంత గురించి ఒక్కసారి మాట్లాడితే బొంద గురించి వెయ్యిసార్లు మాట్లాడారన్నమాట. ఇదే ఫోనుకి కంఫర్టర్ వచ్చు, రజాయి వచ్చు. పనీర్ మంచూరియా కూడా గుణింతంతో సహా వచ్చు. అమ్మమ్మ కప్పిన బొంత మాత్రం రాదు.

నాకు తెలిసింది ఐదు నిమిషాల తర్వాత. నా దగ్గర డిజైన్లు కొనే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారు. ఆయన దగ్గర్నుంచి మొదటి జవాబు: "అమ్మా, తకారం దకారం కావడం గసడదవాదేశంలో ఉన్నమాట నిజమే. కానీ అది రెండు పదాలు కలిసే చోట కదా జరగాలి? మాట నడుమ ఎలా జరిగింది?" ఏమిటీయన గోల అనుకుంటూ మెసేజీ తెరిచాను. మొదటి రెండు వాక్యాలు చూశాను. తీసెయ్యాలి. వెంటనే తీసెయ్యాలి. పిండి చేత్తోనే నొక్కిపట్టాను. రెండు వరసలు అడిగింది, అందరికీ తీసెయ్యనా, నీకు మాత్రమే తీసెయ్యనా అని. పిండి వేలు జారి రెండోదాని మీద పడింది. తప్పు నొక్కినవాళ్ళకి వెనక్కి తీసుకునే అవకాశం కాసిని సెకన్లపాటు కింద కనిపిస్తుందట. ఆ కాసిని సెకన్లూ నేను వేంకటేశ్వరస్వామిని పిలవడంలో గడిచిపోయాయి.

కాబట్టి పరిస్థితి ఇదీ. ఆ మెసేజీ 214 మంది దగ్గర ఉంది. ప్రపంచంలో దాన్ని చదవలేని మనిషిని నేనొక్కదాన్నే. అందులో ఇంకేం వాగానో తెలియాలంటే ఎవరో ఒకరి ఫోను అడగాలి. మా వారు అప్పటికే తన ఫోను పట్టుకుని పెరుగు ప్యాకెట్టుకి వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలిన ఫోను ఒక్కటే. బోణీకి మంచిదని ఆ జాబితాలో నేను మొట్టమొదట చేర్చిన పేరు మా అత్తగారిది.

"అత్తయ్యగారూ, మీ ఫోనొకసారి ఇస్తారా?"

"ఎందుకమ్మాయ్? నీ మెసేజీయేనా? ఇప్పుడే వచ్చింది. ఉండు, నేను చదువుతా." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీలో సర్దుకుని, ఉగాదినాడు పంచాంగం చదివే పంతులుగారిలా గొంతు సవరించుకున్నారు. లాక్కోవడానికి నా చేతులకి పిండి. వద్దనడానికి కారణం లేదు.

"అందరికీ నమస్కారం. ధనుర్మాసం వచ్చింది. అటకల మీంచి బొందలు దించే వేళయింది."

ఆగారు. మళ్ళీ అదే వాక్యం చదివారు. నా వైపు చూశారు. ముందుకెళ్ళారు.

"ఈ పండక్కి మీ బొంద మీరే సిద్ధం చేసుకోండి. సగం ధరకే."

"కొలతలు తప్పుతాయన్న భయం వద్దు. మొదటి పేజీలో ఒక అంగుళం గడి ఇచ్చాను. దాన్ని స్కేలుతో కొలుచుకున్నాకే బొందలోకి దిగండి."

ఈ అంగుళం గడి ఊరికే పెట్టింది కాదు. నేను గీసేది మన ఏ4 కాగితానికి. అమెరికాలో ప్రింటరు కాగితం దానికన్నా కాస్త వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. ప్రింటు తీసేటప్పుడు నూటికి నూరు శాతం అని పెట్టకుండా కాగితానికి సరిపెట్టుకో అని వదిలేస్తే, అది మొత్తాన్నీ నూటికి ఆరు పాళ్ళు కుదించేస్తుంది. కాగితం మీద ఆరు పాళ్ళు ఎవరికీ తెలీదు. ఆరడుగుల బొంతలో నాలుగంగుళాలు పోతాయి. నిరుడు డల్లాసు అమ్మాయొకతె నెలా పదిహేను రోజులు కుట్టి, కప్పి, మొగుడి పాదాలు రెండూ బయటికొచ్చిన ఫోటో పంపింది. అందుకే ఈసారి అంత ఒత్తి చెప్పాను. ఒత్తి చెప్పినదంతా ఇప్పుడు ఇలా వినబడుతోంది.

"కొత్త దంపతులకు జంట బొంద."

"పాత నూలుచీరలు భోగిమంటల్లో తగలెయ్యకండి. మెత్తబడ్డ చీరలు నాలుగుంటే ఒక బొంద నిండుతుంది. నైలాను చీరలు వద్దు, బొందలో జారతాయి."

"బెంగాల్ వాళ్ళ కాంథా, బీహార్ వాళ్ళ సుజని, కర్ణాటక సిద్దీల కవంది ఎంత గొప్పవో, మన తెలుగువాళ్ళ బొంద కూడా అంత గొప్పది."

ఇక్కడ నాకు సిగ్గు పోయి కోపం వచ్చింది. చూశారా? కాంథా సరిగ్గా రాసింది. సుజని రాసింది. కవంది కూడా రాసింది! ఉత్తర కన్నడ అడవుల పక్క ఊళ్ళల్లో సిద్దీ ఆడవాళ్ళు అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమధ్యకి కుట్టుకొచ్చే బొంత అది. నాలుగు మూలలా మడతపెట్టిన గుడ్డముక్కలు పువ్వుల్లా కుడతారు. దాని పేరు ఈ దేశంలో ఎంతమందికి తెలుసు? ఫోనుకి తెలుసు. వేరే రాష్ట్రాల బొంతలన్నీ తెలిసిన ఆ ఫోను, తెలుగువాడి దగ్గరికొచ్చేసరికి గొయ్యి తవ్వింది.

అత్తగారు చదువుతూనే ఉన్నారు. ఆపమందామనుకున్నాను గానీ ఆవిడ గొంతులో అప్పటికే ఒక రకమైన ఆసక్తి మొదలైంది.

"ఇక ఇంటి కబుర్లు. మా వారు రిటైరయ్యారు. ఆయన బొంద ఇంకా సగంలోనే ఉంది, పండగలోపు పూర్తిచెయ్యాలి. పెద్దాడు బెంగుళూరు నుంచి వస్తున్నాడు. వాడి బొంద డాబా మీద ఎండలో వేశాను."

"ఈ ఏటి కొత్త డిజైను, అత్తగారి బొంద."

ఆవిడ కళ్ళజోడు తీసి, పైటచెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కుక్కరు మూడోసారి కూసింది. ఇద్దరం కదల్లేదు.

"మా అత్తగారి పెళ్ళినాటి పట్టుచీరల అంచులతో చేశాను. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. కొలతలు ఆవిడే దగ్గరుండి చూసుకున్నారు. నిన్న రాత్రి అందులో దూరి పడుకున్నారు. పొద్దున్న ఎంత లేపినా లేవలేదు."

ఇది అక్షరాలా జరిగిన విషయం. ఆవిడ నిద్ర పట్టక రెండు నెలలుగా అవస్థ పడుతుంటే, ఆ కొత్త బొంత కప్పుకున్న రాత్రి ఎనిమిదిన్నర దాకా పడుకున్నారు. ఆ సంతోషంతో చెప్పాను. కింద ఇంకో వాక్యం కూడా ఉండాలి, ఆ తర్వాత లేచి రెండు కాఫీలు తాగారని. అది చెబుతుండగా మిక్సీ వేసినట్టున్నాను. ఫోను రాసుకోలేదు.

అత్తగారు ఫోను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. చివరికి, "నేను ఐదడుగులే కదమ్మాయ్, ఆరడుగులు ఎందుకు?" అన్నారు.

చేతులు కడుక్కుని సవరణ రాయడానికి కూర్చున్నాను. ఈసారి మైకు జోలికి పోకుండా వేళ్ళతోనే కొట్టాను. "క్షమించండి. పై సందేశంలో బొంద అని ఉన్నచోటల్లా బొంత అని చదువుకోగలరు." పంపాను. పంపాక చూశాను. "బొంద అని ఉన్నచోటల్లా బొంద అని చదువుకోగలరు." అప్పటికే పదిహేడు సార్లు వాడానుగా, అది నా ఇష్టం నేర్చేసుకుంది. మాస్టారి నుంచి వెంటనే జవాబు: "అలాగే చదువుకున్నామమ్మా."

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఒంగోలు పెద్దమ్మ "ఎప్పుడు?" అని మాత్రం అడిగి ఏడ్చేసింది. ఎదురు ఫ్లాటావిడ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి గుమ్మం బయటే నిలబడింది, లోపలికొస్తే స్నానం చెయ్యాలేమోనని. ఆవిడకి తలుపు తీసింది మా అత్తగారే. హైదరాబాదు ఆడపడుచు అప్పటికే బస్సెక్కేసింది. "వదినా, నిజం చెప్పు, అమ్మ ఎలా ఉంది?" అంది. నేను చెబితే నమ్మదని ఫోను అత్తగారికే ఇచ్చాను. ఆవిడ తాపీగా, "బానే ఉన్నానే. ఎలాగూ బయల్దేరావుగా, వచ్చేటప్పుడు ఆ కరాచీ బిస్కట్లు తే" అన్నారు. మధ్యాహ్నం నుంచి ల్యాండ్‌లైను పక్కన కుర్చీ వేసుకుని పరామర్శలన్నీ ఆవిడే తీసుకుంటున్నారు. ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో క్యాలెండరు వెనక రాసుకుంటున్నారు. కోటప్పకొండ వైపు చుట్టాలొకాయన పలకరింపు పూర్తికాకుండానే, "ఆ పట్టుచీరల అంచుల్లో వెండి జరీ ఉందా?" అని అడిగాడట. ఆయన పేరు కింద రెండు గీతలున్నాయి.

అమ్మకం మాట అడుగుతారేమో. అత్తగారి బొంత డిజైను ఒక్కటే సాయంత్రానికి ముప్ఫై ఒకటి పోయాయి. డల్లాసు అమ్మాయి, "ఆంటీ, మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు, ఆవిడ కొలతలకి చేసివ్వగలరా?" అని రాసింది. ఆ పిల్లకి తెలుగు అంతంతమాత్రం, అమాయకంగానే రాసిందనుకుంటున్నాను. సవరణ వెళ్ళాక మటుకు ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారు.

ఏడింటికి మా వారు పెరుగు ప్యాకెట్టుతో వచ్చారు. పొద్దున పదకొండింటికి వెళ్ళిన మనిషి. దారిలో ముగ్గురు భుజం తట్టారట, ఎందుకో అర్థం కాలేదట. నేనేమీ మాట్లాడకుండా అత్తగారి ఫోను తెచ్చి చేతిలో పెట్టి, "ఇప్పుడు చదవండి. నిదానంగా. పైకి" అన్నాను. ఆయన చదివారు. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క వాక్యం వదలకుండా, మనసులోనే చదివారు. బొటనవేలు రెండుసార్లు ఆగింది కూడా. నాకు ఆశ కలిగింది.

"బావుంది. ఇందులో తప్పేముంది?" అన్నారు.

ఆయన బొంత ఇంకా సగంలోనే ఉంది. అక్కడే ఉంటుంది.